తుడిచి కొలిచిన అమ్మాయి

ఇంజనీరింగులో ఆడపిల్లలు నాయకత్వ స్థాయికి ఎదగాలని ఆ ఏడాది ఒక స్కాలర్‌షిప్ పెట్టారు. ఎంపిక హిందీ మాట్లాడే ఫ్యాక్టరీల ఊరు ఆదిత్యపూర్‌లోని ఒక చిన్న వర్క్‌షాపులో జరిగింది. ఇచ్చిన వస్తువుల్ని కొలిచి చెప్పడమే పరీక్ష; ప్రశ్నలూ జవాబులూ సిద్ధం చేసింది నేనే.

గోల్‌మురి తెలుగు బస్తీ నుంచి వచ్చిన ఒక అమ్మాయి, ఏ వస్తువు ఇచ్చినా ముందు ఓణీ కొంగుతో తుడిచి, తరువాతే కొలిచేది. చివరి ఇనుప కడ్డీ మందం ఇరవై నాలుగు పాయింట్ ఎనిమిది మిల్లీమీటర్లని చెప్పింది. నా కాగితంలో ఇరవై ఐదు ఉంది.

"మరోపాలి ఆలోచించుకో అమ్మా. ఇది తప్పితే స్కాలర్‌షిప్ పోతాది," అన్నాను.

ఆమె కడ్డీని నా ముందుకు జరిపింది. "ఆలోసిత్తే కడ్డీ లావెక్కదు కదా సర్. మీరూ ఓపాలి కొలిసి సూడండి."

కొలిచాను. ఆమె చెప్పిన అంకే వచ్చింది. కొంగుకంటిన నల్లటి జిడ్డు చూశాక, ముందురోజు నేను కడ్డీని తుడవకుండానే కొలిచానని అర్థమైంది.

"క్యా హువా?" ఏమైందని అడిగారు పక్కనే కూర్చున్న ఎంపిక సంఘం అధ్యక్షులు.

ఒప్పుకుంటే ఉదయం నుంచి వేసిన మార్కులన్నీ తిరగదోడాలి. ఒక నిమిషం గడిచింది. అంతసేపూ ఆ అమ్మాయి నా నోటి వంకే చూస్తూ నిలబడింది.

"గల్తీ నాదే, తప్పు కొలిచింది నేనే," అన్నాను.

స్కాలర్‌షిప్ ఆమెకే వచ్చింది. ఆనాటి డైరీలో రెండు కొలతలూ నమోదు చేశాను. ఆ నిమిషం ఆలస్యాన్ని మాత్రం రాయలేకపోయాను.