సోమవారపు గాజుపలక

యుద్ధానికి ముందు మాట. స్వీడన్‌లోని మా వేధశాలలో ఆకాశాన్ని చూసేది మగవాళ్లు, కొలిచేది మేము. వేధశాల పేరెందుకు లెండి, ఉన్న పరువు పోతుంది. ఆకాశాన్ని ముక్కలుగా ఫొటో తీసిన గాజుపలకలు మా బల్లల మీదికి వచ్చేవి. వాటి మీద ఒక్కో నక్షత్రం ఒక్కో నల్లచుక్క. భూతద్దం కింద ఆ చుక్క వెడల్పు కొలవాలి. ఒకే రంగు నక్షత్రాల్లో చుక్క ఎంత చిన్నదైతే దూరం అంత ఎక్కువ.

నా పేరు ఎబ్బా. నా పక్క బల్ల గున్‌హిల్డ్ ఎక్‌స్ట్రాండ్ గారిది. పద్దెనిమిదేళ్లుగా అక్కడే. ఆమె ఆశ ఒక్కటే. నక్షత్రాల జాబితా అచ్చయినప్పుడు కొలిచినవాళ్ల పేర్లు మొదటి పేజీలో వేస్తామని డైరెక్టర్ మాటిచ్చాడు.

“పేరుదేముందండీ?” అన్నానొకసారి, యాలకుల రొట్టె తుంచుతూ.

“నీకేం ఎబ్బా, ఇద్దరు పిల్లలున్నారు. నాకు అచ్చులో ఒక్క ముక్కయినా మిగలొద్దా? ముందు ఆ పొడి పలక మీద రాల్చకుండా తిను, కొత్త నక్షత్రాలు పుట్టిస్తావు!”

ప్రతి సోమవారం అందరం ఒకే పాత పలకను కొలిచేవాళ్లం. ఎవరి చూపు తేడా వచ్చినా అక్కడ బయటపడాలని. గున్‌హిల్డ్ గారి అంకెలు ఏనాడూ తప్పలేదు. నా ఖర్మ కాలి ఒక సోమవారం చూశాను. చుక్కలు కనబడాలని పలక కింద వెలిగించే బల్బు ఆమె బల్ల దగ్గర మాడిపోయి ఉంది. ఆమె మాత్రం భూతద్దానికి కన్ను ఆన్చి నలభై అంకెలూ చకచకా రాసేశారు. అన్నీ సరైనవే. ఆ పలక ఆమెకు కంఠతా వచ్చేసింది. చూసి రాస్తున్నాననే అనుకుంటున్నారు పాపం.

ఆమె కొలిచిన వేరే పలకలు తీసి నేను కొలిచాను. కంట్లో శుక్లాలు ముదిరి, చుక్కల మసక అంచులు ఆమెకు ఆనడం లేదు. ప్రతి చుక్కా చిన్నదైపోయింది, ప్రతి నక్షత్రమూ దూరం జరిగిపోయింది. ఏ ఏడాది నుంచో ఎవరికి తెలుసు? ఆమె రాసిన అంకెలన్నీ కొట్టేయాల్సిందే.

డైరెక్టర్‌కి చెప్పాను. ఎందుకు చెప్పానా అని ఇప్పటికీ ఏడుపొస్తుంది.

“ఆమెకు తెలియనివ్వకు. అన్నీ నువ్వే మళ్లీ కొలువు,” అన్నాడు.

ఆమె చేతిలో పూలగుత్తి పెట్టి ఇంటికి పంపేశారు. నేను ఏడేళ్లు కొలిచాను.

జాబితా అచ్చయ్యాక ఆమె ఇంటికి తీసుకెళ్లాను. అప్పటికి ఆమెకు చూపు పూర్తిగా పోయింది.

“నా పేరుందా?”

“ఉందండీ.”

“ఎక్కడ? నా వేలు పట్టి పెట్టవే.”

మొదటి పేజీ తెరిచాను. ఆమె పేరు ఉండాల్సిన చోట నా పేరు, ఎబ్బా లిండ్ అని ఉంది. దాని మీదే ఆమె వేలు పెట్టాను. ముద్రణకు కాగితం మీద పడిన గుంటలను ఆ చివర నుంచి ఈ చివరికి మెల్లగా తడిమారు. మళ్లీ మొదటి నుంచి తడిమారు.

“నా పేరు ఇంత పొట్టిది కాదే, ఎబ్బా,” అన్నారు.