గరగరకు పడ్డ చప్పట్లు

ఆ రోజు దమ్మపేటలో ఒక స్కూలు వార్షికోత్సవం. ముప్పయ్యేళ్లుగా మిమిక్రీ చేస్తున్నవాణ్ణి, పాత రేడియో అనౌన్సరమ్మ గొంతు నాకు మంచినీళ్లు తాగినంత తేలిక. "ఇప్పుడు సమయం..." అనగానే గొంతు చీలిపోయింది. కంగారు పడ్డాను గానీ బయటపడలేదు. అదే బొంగురును పట్టుకుని, మా బొగ్గుబాయిలో కార్మికులను అదిలించే పాత సర్దార్‌నైపోయాను. "ఏందిరా, సైరనైంది, ఇంక దిగరా?" అన్నాను. జనం పడీపడీ నవ్వారు.

నా అతితెలివి అక్కడ మొదలైంది. గొంతు బొంగురుపోతున్నకొద్దీ బొంగురు పాత్రలే పెంచుకుంటూ పోయాను. జలుబు చేసిన కండక్టరు, స్టేషను దొరకని రేడియో, చుట్ట తాగే తాత. సన్నగొంతులన్నీ ఒక్కొక్కటే ప్రోగ్రాంలోంచి తీసేశాను. ఎవరైనా గొంతు పోతే దవాఖానాకు వెళ్తారు, నేను చప్పట్లు కొట్టించుకున్నాను.

నా భార్య సరోజ మాత్రం నవ్వలేదు. "స్టేజి మీద సరే, ఇంట్ల గూడ సర్దార్ గొంతేందయ్యా? నడువు దవాఖానాకు" అని ఖమ్మం లాక్కెళ్లింది.

ఈఎన్‌టీ డాక్టరమ్మ ముక్కులోంచి సన్న కెమెరా పంపి లారింగోస్కోపీ చేశారు. తెర మీద, స్వరతంత్రిపై చిన్న బుడిపె కనిపించింది. "వోకల్ కార్డ్ పాలిప్. సర్జరీ చేసి తీసేద్దాం, బయాప్సీకి కూడా పంపుదాం" అన్నారు.

"మళ్లీ మిమిక్రీ చేస్తనా మేడమ్?"

"మాట బాగానే వస్తుంది. మిమిక్రీ సంగతి ఇప్పుడే చెప్పలేను."

నాకు వేరే పని రాదు.

ఆపరేషన్ బాగా జరిగింది, బయాప్సీలో క్యాన్సర్ లేదని తేలింది. కొన్నాళ్లు వాయిస్ రెస్ట్, గుసగుసలు కూడా వద్దన్నారు. మా కాపురంలో నేను ఎదురు చెప్పని రోజులు అవే, సరోజ బాగా వాడుకుంది. రెస్ట్ అయిపోయాక, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఆగలేక షిఫ్టు సైరన్ ప్రయత్నించాను. మా బాయి మూతపడ్డాక ఆ కూత నా గొంతులోనే మిగిలింది. నా ప్రోగ్రాం ఎప్పుడూ దాంతోనే ముగిసేది. ఇప్పుడు గాలి తప్ప ఏమీ రాలేదు, పైగా లోపల వాచింది. బాత్రూంలో కూర్చుని ఏడ్చాను.

వాపు తగ్గాక వాయిస్ థెరపీ మొదలైంది. "మీ సొంత గొంతుతో మాట్లాడండి" అంది థెరపిస్టు. మాట్లాడాను. పక్కనున్న సరోజ, "గది చుట్ట తాతది మేడమ్" అంది. మళ్లీ మాట్లాడాను. "గది కండక్టర్‌ది." నా గొంతేదో నాకే తెలియడం లేదు.

"పొద్దుగాల నన్ను పిలుస్తవ్ సూడు, గట్ల పిలువు" అంది సరోజ.

"సరోజా, చాయ్."

"అవ్, గిదే!" అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. థెరపిస్టు ఆ శ్రుతి నుంచే సాధన మొదలుపెట్టించింది.

పోయిన చలికాలం రిటైరైన బొగ్గుబాయి కార్మికుల సభలో మళ్లీ స్టేజెక్కాను. అన్నీ పాత చప్పుళ్లే చేశాను. సినిమా వచ్చిందని రిక్షాలో తిరిగే మైకు, బొగ్గు ఇంజను, ల్యాండ్‌లైన్ ఫోన్‌లో ట్రంకాల్ అరుపులు. హాలు ఊగిపోయింది. చివరికి "అన్నా, సైరన్!" అని కేకలు. థెరపిస్టు నేర్పినట్టు అరవకుండా, పొట్టలోంచి ఊపిరి తీసి, మైకుకు దగ్గరగా మెల్లగా ఎత్తుకున్నాను. కూత పైకి లేవాల్సిన చోట ఆపేశాను. అంతకుమించి లాగొద్దని డాక్టరమ్మ మాట. ముందు వరసలో ఒక ముసలాయన లేచి నిలబడి అక్కడినుంచి అందుకున్నాడు. తర్వాత పక్కాయన. తర్వాత హాలంతా. మూతపడిన బాయి సైరన్ వందల గొంతుల్లో మోగింది. ఇన్నేళ్లలో నా సైరన్ అంత గట్టిగా ఎన్నడూ మోగలేదు. ఇంత సంతోషం నాకు ఇదివరకు ఏ స్టేజి మీదా దొరకలేదు.

ఇప్పుడు నెలకు కొన్ని ప్రోగ్రాంలే ఒప్పుకుంటాను. సైరన్ మాత్రం ప్రతిచోటా జనంతోనే పూర్తి చేయిస్తాను.

ఒక్క మాట. గొంతు బొంగురుపోయి మూడు వారాలైనా తగ్గకపోతే ఈఎన్‌టీకి చూపించుకోండి. చప్పట్లు కొట్టేవాళ్లకు రోగం వినబడదు. రోజూ మీకు చాయ్ పోసే మనిషికి వినబడుతుంది. ఆ మనిషి నడువమంటే, చెప్పులేసుకుని నడవండి.