వల లేని గోలు

మా డ్రిల్ సార్ చనిపోయారని పోయిన గురువారం పొద్దున తెలిసింది. సంగటికి ఎసరు పెట్టి నిలబడి ఉన్నాను. ఫోను చేసింది హైస్కూల్లో మా ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్‌గా ఉన్న స్నేహితురాలు. "సార్ పొయినాడు మే," అని ఊరుకుంది. ఏ సార్ అని నేను అడగలేదు. మా ఇద్దరికీ ఆ మాటకు ఒక్క మనిషే. సాయంత్రం అసర్ నమాజు అయినాక ఖబరస్తానుకు తీసుకుపోతారని చెప్పింది. నేనుండేది రాజంపేటలో, సార్ ఇల్లు ఆత్మకూరులో. కడపలో ఒకసారి, నంద్యాలలో ఒకసారి బస్సు మారాలి. వేళలు ఎట్లా కలిపి చూసుకున్నా సమయానికి అందుకోలేనని తెలిసిపోయింది. పొయ్యి ఆపేసి బయలుదేరాను.

ఆడపిల్లలకు ఫుట్‌బాల్ ఏమిటని మీరు అనుకోవచ్చు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట మా ఊళ్ళోనూ అదే అన్నారు. ఆత్మకూరు దగ్గర మాది చిన్న ఊరు. ఆడపిల్లలంటే ఖోఖో, లేకపోతే రింగాట. సార్ బదిలీ మీద మా స్కూలుకు వచ్చిన నెలకే ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లల ఇళ్ళకు సైకిలు మీద తిరిగారు. మా ఇంటికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. మా నాయన మంచం వాల్చి, మజ్జిగ ఇప్పించి, అంతా విన్నాక అన్నాడు:

"ఆడపిల్ల పదిమందిలో కాలెత్తి తన్నేదేంది సార్? చూసేటోళ్ళు నవ్వరా?"

సార్ మజ్జిగ పూర్తిగా తాగి లోటా కింద పెట్టారు. "నువ్వు చెప్పేది నిజమేనప్పా. అట్లయితే పాపని గోల్లో నిలబెడ్తా. ఆడ కాలెత్తే పనే లేదు. అంతా చేతుల్తోనే."

"చేతుల్తోనా?"

"చేతుల్తోనే. వచ్చిన బంతిని పట్టుకునేది, అంతే. బిందె పట్టుకోలేదా?"

మా నాయన ఒప్పుకున్నాడు. నేను గోల్‌కీపర్‌ని అయింది అట్లా. నాలో ఏదో ప్రతిభ చూసి సార్ ఎంచుకున్నారని మా పిల్లలు అనుకుంటారు. వాళ్ళకు ఎప్పుడూ నిజం చెప్పలేదు. గోల్ కిక్కు కొట్టవలసింది కూడా గోల్‌కీపరేనని మా నాయనకు ఏడాది పాటు తెలియదు.

మా గ్రౌండులో గడ్డి మొలిచింది నేను చూడలేదు. ఆట మొదలయ్యే ముందు ఒక్కొక్కరం పది రాళ్ళు ఏరి ప్రహరీ పక్కన వేయాలి. ఏరిన చోటే మరుసటి రోజు మళ్ళీ కనిపించేవి. "మన నేలలో రాళ్ళు మొలుస్తాయమ్మా, కలుపు మాదిరి," అనేవారు సార్. ఆయన కూడా మాతోపాటు వంగి పది ఏరేవారు, పైకి లెక్కపెడుతూ. తర్వాత ప్రతి పిల్లనూ "నీళ్ళు తాగినావా?" అని అడిగేవారు. తాగామంటే నమ్మరు. కుండ దగ్గర నిలబడి, గుటక దిగేదాకా చూసేవారు. పొద్దున తినకుండా వచ్చిన పిల్లను ముఖం చూసి కనిపెట్టేవారు. ఏమీ అనకుండా జేబులోంచి పుట్నాలు తీసి ఆ పిల్ల చేతిలో పోసి పోయేవారు.

నాకు పడటం నేర్పడానికి ఆయనకు నెల పట్టింది. నూనె మిల్లు నుంచి నాలుగు బస్తాల వేరుశనగ పొట్టు తెప్పించి గోలు ముందు పరిపించారు. అందులో కుడికి, ఎడమకి పడమనేవారు. "పడేది నేర్చుకుంటే భయం పోతాది. పడినాక మోకాలు చూసుకోవద్దు, బంతి యాడుండాదో చూడు," అనేవారు. ఇంటికి పోతే జడలో పొట్టు. మా అమ్మ దువ్వుతూ తిట్టేది. పొట్టు మీద పడటం వచ్చాక సగం తీయించారు, ఇంకో వారానికి అంతా తీయించారు. వట్టి నేల మీద మొదటిసారి పడినప్పుడు మోచేయి చీరుకుపోయింది గానీ, భయం వేయలేదు. ఆ సంగతి నేను చెప్పకముందే ఆయనకు తెలిసింది. ఈల ఒక్కసారి చిన్నగా ఊదారు. ఆయన మెచ్చుకోవడం అంతే ఉండేది.

మాకు పోటీ పక్క మండలంలోని చర్చి స్కూలు. వాళ్ళకు ఎన్నో ఏళ్ళుగా జట్టు ఉంది, బూట్లు కూడా ఉన్నాయి. మొదటి ఏడు వాళ్ళతో ఆడిన ప్రతి మ్యాచిలోనూ వాళ్ళే గెలిచారు, జోనల్ పోటీల చివరి మ్యాచి కూడా గెలిచి జిల్లాకు పోయారు. వాళ్ళ సార్ భారీ మనిషి, గొంతు అంతకంటే భారీ. మమ్మల్ని చూడగానే మొదలుపెట్టేవాడు.

"ఏమప్పా, ఈసారన్నా గోలు యాడుంటాదో మీ పిల్లోల్లకి చూపిచ్చినావా?"

"చూపిచ్చినాప్పా. మీ గోలే చూపిచ్చినా," అనేవారు మా సార్.

ఇద్దరూ నవ్వుకునేవారు. ఆట అయ్యాక ఒకే గ్లాసులో టీ పంచుకునేవారు. కానీ ఈల ఊదాక మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కాదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా హెడ్మాస్టరు తేల్చి చెప్పారు. ఈ ఏడు కూడా జిల్లాకు పోకపోతే ఆడపిల్లల ఫుట్‌బాల్ ఆపేసి ఆ పీరియడు కుట్టుపనికి ఇస్తామని. సార్ ఆ మాట మాకు చెప్పలేదు. కెప్టెన్ ఆఫీసు రూములో విని వచ్చి మాకందరికీ చెప్పింది. ఆ రోజు నుంచి మాలో ఎవరమూ ప్రాక్టీసు ఎగ్గొట్టలేదు.

ఆ ఏడు చివరి మ్యాచి మాదీ వాళ్ళదీ కాని మూడో ఊళ్ళో జరిగింది. నీలగిరి కర్రలు పాతిన గోలుపోస్టులు, వాటికి వల లేదు. అప్పట్లో ఏ గ్రౌండులోనూ ఉండేది కాదు. పక్క ఊరి డ్రిల్ సార్ ఒక్కడే రెఫరీ. మేము ఒక గోలుతో ముందున్నాము. ఇంకో రెండు మూడు నిమిషాలు ఉందనగా వాళ్ళ ఎనిమిదో నంబరు పిల్ల, సన్నగా, పొడుగ్గా ఉండేది, బంతిని ఎడమ వైపు నుంచి తెచ్చి తన్నింది. ఎండ నా కళ్ళల్లో ఉంది. దూకాను. మా డిఫెన్సు పిల్లలు ఇద్దరు నా ముందు పడ్డారు. దుమ్ము లేచింది. బంతి నా వేళ్ళను దాటి, కర్రకు లోపలి పక్కగా వెళ్ళి, వెనక చూసేవాళ్ళ కాళ్ళ మధ్య ఆగింది.

లోపలి పక్కగా. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

చూసేవాళ్ళలో సగం మంది గోలన్నారు, సగం మంది బయటన్నారు. రెఫరీ పరుగెత్తుకొచ్చాడు. ఆయనకు దుమ్ములో ఏమీ కనిపించలేదు.

"లోపలా, బయటా? నువ్వే చెప్పమ్మా. ఈడ ఉన్నింది నువ్వే గదా."

నేను సార్ వైపు చూశాను. ఆయన గీత దగ్గర తల వంచుకుని ఈల తాడును వేలికి చుట్టుకుంటున్నారు. నా వైపు చూడలేదు. నాకు కుట్టుమిషన్లు కనిపించాయి.

"బయట సార్," అన్నాను.

ఎనిమిదో నంబరు అరవలేదు. నా దగ్గరికి వచ్చి, "కండ్లు యాడ పెట్టుకున్యావు పాపా?" అంది. అంతే, వెనక్కి తిరిగి పోయింది.

గెలిచాము. తిరుగు బస్సులో అందరూ పాడారు. సార్ బజ్జీలు కొని పొట్లాలు పంచారు. నాకు ఇచ్చేటప్పుడు అందరికీ ఇచ్చినట్టే ఇచ్చారు. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆ రోజు నేను పట్టిన బంతులు ఏడు. ఒక్క దాని గురించి కూడా ఆయన మాట్లాడలేదు. జిల్లాలో మొదటి మ్యాచిలోనే నాలుగు గోల్స్ తేడాతో ఓడి వచ్చాము. అయినా జిల్లాకు పోయాము కాబట్టి జట్టు నిలిచింది.

తర్వాతి సోమవారం సార్ కర్నూలు మార్కెట్టు నుంచి చిరిగిన ఎర్రగడ్డల, అంటే ఉల్లిపాయల, సంచులు మోపు కట్టి తెచ్చారు. ఎర్రగా, జల్లెడలాగా ఉండేవి. దబ్బనాలు, పురికొస ఇచ్చి, విప్పి ఒకదానికొకటి కుట్టమన్నారు. ముప్పై రెండు సంచులు. ఎనిమిది రోజులు వరండాలో కూర్చుని కుట్టాము. కుట్టడం అయ్యాక కూడా రెండు రోజుల దాకా నా ముక్కులో ఎర్రగడ్డల వాసన పోలేదు.

"ఎందుకు సార్ ఇది?" అని కెప్టెన్ అడిగింది.

"గోలుకి కట్టేకి. ఇంగ ఎవుర్నీ అడిగే పనుండదు," అన్నారు సార్.

నేను తల ఎత్తలేదు. అందరికంటే దగ్గర దగ్గరగా కుట్లు వేశాను.

ఆ వారంలోనే చర్చి స్కూలు సార్ ఏదో పని మీద మా స్కూలుకు వచ్చాడు. హాజరు పట్టీ ఇవ్వడానికి ఆటల గది దాకా పోయిన నేను తలుపు బయటే ఆగిపోయాను.

"మీ పాప అబద్ధం చెప్పింది. నీకూ తెల్సు," అంటున్నాడు ఆయన.

"నేను చూడలేదప్పా. దుమ్ములో ఏం కనపడింది?"

"పాప మొగం కనపడలేదా?"

కుర్చీ జరిపిన చప్పుడైంది. తర్వాత మా సార్ గొంతు వినిపించింది. "పాప ఏం చెప్పిందో ఇడ్సిపెట్టు. ఆ పాపని అడిగింది ఎవురు? మనం. గోలుకి ఇంత వల కట్టుకోలేక, పద్నాలుగేండ్ల బిడ్డని నీ మీద నువ్వే సాక్ష్యం చెప్పుకోమన్యాం. సిగ్గుపడాల్సింది మనమప్పా, ఆ బిడ్డ కాదు."

నేను పట్టీ గుమ్మం దగ్గర పెట్టి వచ్చేశాను. ఆయనకు చెప్పేయాలని ఆ రోజే అనుకున్నాను. కోప్పడి ఉంటే ఆ నిమిషమే చెప్పేసేదాన్ని. నన్ను కాపాడిన మనిషికి ఎట్లా చెప్పాలో తెలియలేదు.

పదో తరగతి పరీక్షలయ్యాక ఆటల గదికి పోయాను. ఆయన బంతికి గాలి కొడుతున్నారు. "పట్టుకో తల్లీ," అని బంతి నా చేతుల్లో పెట్టారు. గాలి నిండేసరికి మిగతా పిల్లలు వచ్చారు. నా పెళ్ళికి సార్ భార్యతో కలిసి వచ్చారు. మా ఆయనతో, "ఈ పాప చేతికొచ్చింది జారిడ్సదు, చూసుకో," అని నవ్వించారు. వాళ్ళ వెనక అక్షింతలు వేయడానికి వరుసలో నలభై మంది ఉన్నారు. నాలుగేళ్ళ కిందట కడప బస్టాండులో కలిశారు. కంటి ఆపరేషన్ అయి, నల్లద్దాలు పెట్టుకున్నారు. గొంతు విని గుర్తుపట్టారు. ఈసారి చెప్పాలని మొదలుపెట్టాను.

"సార్, ఆ చర్చి స్కూలు మ్యాచిలో..."

"అది అయిపోయి శానా ఏండ్లాయ గదా తల్లీ. పిల్లోల్లు బాగుండారా?"

"బాగుండారు సార్."

"నువ్వు?"

నేను జవాబు వెతుక్కునేలోగా నా బస్సు వచ్చింది. అది కదిలేదాకా ఆయన అక్కడే నిలబడ్డారు. ఆ తర్వాత ప్రతి సెప్టెంబరులో టీచర్స్ డేకి ఫోను చేసేదాన్ని. ఆరోగ్యం, మందులు, వానలు మాట్లాడుకునేవాళ్ళం. ఫోనులో కాదు, ఎదురుగా చెప్పాలనుకున్నాను. ఒకసారి ఆత్మకూరు పోవాలి అనుకుంటూనే నాలుగేళ్ళు గడిపాను. ఇంటి పనులన్నీ వేళకు చేసే మనిషినని నాకు పేరు. ఈ ఒక్క పని చేయలేకపోయాను.

ఆత్మకూరు చేరేసరికి మగవాళ్ళు ఖబరస్తానుకు వెళ్ళిపోయారు. లోపల ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని ఉన్నారు. సార్ భార్య నా చేయి పట్టుకుని, "ఆలిస్యమైపాయ గదమ్మా," అన్నారు. ఆమె పక్కన ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. కొళాయి దగ్గరికి ముఖం కడుక్కోవడానికి పోతే అక్కడ ఒక పొడుగాటి మనిషి గ్లాసులు కడుగుతోంది. మెడలో సన్నటి గొలుసుకు శిలువ. నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు కీపరువు గదా? నేను ఎనిమిదో నంబరు," అంది.

ఆమె పక్కన కూర్చుని నేనూ ఒక గ్లాసు తీసుకున్నాను. చెప్పవలసిన మనిషి లేరు. కానీ ఆ మాట చెప్పవలసిన మనిషి ఈమె కూడానని అప్పటిదాకా నాకు తట్టలేదు.

"ఆ పొద్దు నీ బంతి లోపలికే పోయింది. నేను అబద్ధం చెప్పినా."

"తన్నింది నేను. నాకు తెలీదా?" అంది, గ్లాసు బోర్లిస్తూ. "శానా దినాలు తిట్టుకున్యా నిన్ను. నీ చేతులు పడిపోవాలని ప్రార్థన గూడా చేసినా. దేవుడు ఇనలేదులే."

ఇద్దరికీ నవ్వు వచ్చింది. చావింట్లో ఉన్నామని గుర్తొచ్చి కొంగు అడ్డం పెట్టుకున్నాము.

"సార్‌కి చెప్పలేకపోయినా," అన్నాను.

ఆమె చేతులు తుడుచుకుని నా వైపు తిరిగింది. "మీ సార్ మా ఊరికొచ్చినాడు. తెల్సా నీకు?"

తెలియదన్నాను.

"ఆ మ్యాచి అయినాక మూడో ఆదివారం. నేను చర్చిలోంచి బయటికొస్తాండా, తెల్ల గౌను ఏసుకోని. గేటు కాడ సైకిలు, దాని మీద ఎర్రసంచుల వల మోపు. మా సారూ ఆయనా కలిసి మా గోలుకి కట్టినారు. బంతి ఆ ఎడమ పక్కనే, నేను తన్నిన చోటులోనే పెట్టి, 'తన్నమ్మా,' అన్యాడు."

"ఖాళీ గోల్లోకా?"

"ఖాళీ యాడిది? ఆయనే నిలబడె. నేను ఊరికే నిలబడినాడేమో అనుకున్యా. కాదు మే. నిజంగా దూకినాడు. ఆ వయసులో, ఆ రాళ్ళల్లో. అందలేదు. బంతి పోయి వలలో పడి, ఆడే నిలిచింది. లేచి, దుమ్ము దులుపుకోని, ఈల ఊది, 'గోలు,' అన్యాడు. ఇంగేం చెప్పలే. వల ఇప్పుకోని, సైకిలెక్కి పొయినాడు."

మగవాళ్ళు తిరిగి వస్తున్నట్టు వీధిలో అలికిడి అయింది. ఆమె టీ గ్లాసులు పళ్ళెంలో సర్దుకుని లోపలికి వెళ్ళింది. నేను అక్కడే కూర్చుండిపోయాను.

ఆ చర్చి స్కూలు గ్రౌండు నేనెన్నడూ చూడలేదు. అయినా ఈ వారం రోజులుగా సార్ నాకు అక్కడే కనిపిస్తున్నారు. నేను నిలబడవలసిన చోట, ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, రెండు చేతులూ చాచి, తెల్ల గౌను వేసుకున్న పిల్ల కాలు ఎత్తేదాకా కన్నార్పకుండా వంగి నిలబడి ఉన్నారు.