‘వలదు’ అన్న మాట

తొంభైల నడుమ, వానలు తెరిపి ఇచ్చే అక్టోబరులో, పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక స్థానిక సంస్థ పనుల విభాగంలో నన్ను జూనియర్ ఇంజనీరుగా వేశారు. వీధి కాలువలు, మెట్లదారులు, కమ్యూనిటీ హాళ్లు, ఆటస్థలాలు ఆ విభాగం కిందికి వస్తాయి. జూనియర్ ఇంజనీరుది అందులో అన్నిటికన్నా కింది కుర్చీ. స్థలానికి వెళ్లి టేపు పట్టేదీ, అంచనా వేసేదీ, ఫైలులో మొదటి మాట రాసేదీ అతనే. పైవాళ్లు దాని మీద సంతకం చేస్తారు, కౌన్సిల్ సభ్యులు సమావేశంలో చేతులెత్తుతారు. కింద రాసిన మాట తప్పయితే అది పైకి వెళ్లేకొద్దీ గట్టిపడుతుందే తప్ప దానంతట అది సరికాదు.

నేను రాసిన అలాంటి మాట ఒకటి ఉంది. దానివల్ల అప్పన్న అనే మనిషి చేయని పనికి మాటపడ్డాడు. నిరుడు స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను కాబట్టి నా ఉద్యోగానికి ఇక వచ్చే నష్టమేమీ లేదు. ఈ మాట ముందే చెప్పడం న్యాయం. నష్టం ఉన్న రోజుల్లో నేను నోరు విప్పలేదు.

ఆ ఏడాది మా దగ్గరికి రెండు పనులు ఒకేసారి వచ్చాయి. మొదటిది, జంగ్లీఘాట్ చేపల రేవు పక్కన వాలీబాల్ కోర్టు. రేవు కుర్రాళ్లు ఎన్నాళ్లుగానో అడుగుతున్నదే. నన్ను చూసినప్పుడల్లా “భయ్యా, నెట్ కబ్ లగేగా? ఎప్పుడు కడతారు, మేం ముసలోళ్లమయ్యాకా?” అని ఎగతాళి చేసేవారు. రెండోది, ద్వీపాలకు వచ్చి స్థిరపడిన జనాల పాత వస్తువులతో ఊరి మధ్య ఒక వారసత్వ ప్రదర్శనశాల. రేవులో ఒక రేకుల పాక కింద పాత చెక్క నావ ఒకటి ఉండేది. స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్లకు శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన మొదటి కుటుంబాలు ఇక్కడి కర్రతో కట్టుకున్న నావ అది. కోర్టుకు కావలసిన చదును నేల సరిగ్గా ఆ పాక కింద ఉంది. నావను ప్రదర్శనశాలకు తరలిస్తే రెండు పనులూ ఒక్క దెబ్బతో తేలిపోతాయని మా అసిస్టెంట్ ఇంజనీరు గారి ఆలోచన. కాగితం మీద చూస్తే మంచి ఆలోచనే.

కొలతలకు నేనే వెళ్లాను. నావ అంచుకు పసుపు, కుంకుమ పూసి ఉన్నాయి. అక్కడ వల బాగుచేసుకుంటున్న సింహాలమ్మ అనే ఆమె, “లోపల సూస్తావా? జోళ్లిప్పి ఎక్కు బావూ” అంది. నావి తాళ్లు కట్టే బూట్లు. విప్పి, మళ్లీ కట్టుకోవడం బద్ధకమనిపించింది. బయటినుంచే పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి వచ్చేశాను.

అంచనాలో తరలింపుతో పాటు మరమ్మతు కూడా చూపించాలి. ప్రతి పనికీ ఇలాంటి వాక్యాలు అచ్చుపోసినట్టు ఉంటాయి. తలుపులకూ కిటికీలకూ రాసే వాక్యాన్నే నావకూ దించాను: పాత రంగు గీకి, గరుకు కాగితంతో రుద్ది, గంట్లను లప్పంతో పూడ్చి, లోపలా బయటా ఎనామిల్ రెండు పూతలు వేయాలి.

తర్వాత వారం రేవు నుంచి ఒక అర్జీ వచ్చింది. రెండు పేజీలు, తెలుగులో, గుండ్రటి చేతిరాత. రాసింది అప్పన్న. రేవులో అందరికన్నా పెద్దవాడు. ఆ తరంలో కాస్త చదువుకుని వచ్చినవాడు అతనొక్కడే కావడంతో ఊరి నుంచి వచ్చే ఉత్తరాలన్నీ అతనే చదివిపెట్టేవాడు. అదే తీరపు చేపలవాడైన మా నాన్నవి కూడా.

మా కార్యాలయంలో పని హిందీలోనూ ఇంగ్లీషులోనూ జరిగేది. వేరే భాషలో అర్జీ వస్తే, ఆ భాష తెలిసిన ఉద్యోగి ఇంగ్లీషులో సారాంశం రాసి, కింద ‘సరైన అనువాదం’ అని సంతకం పెట్టాలి. అసలు కాగితం ఫైలులో కుడివైపు ఉంటుంది. సారాంశం ఎడమవైపు పచ్చకాగితాల మీదికి ఎక్కుతుంది. అధికారులు చదివేది ఎడమవైపే. అసిస్టెంట్ ఇంజనీరు గారు అర్జీని నా బల్ల మీదికి జరిపి, “తుమ్హారీ బోలీ హై, తుమ్ హీ పఢో” అన్నారు. నా భాషే కదా, నన్నే చదవమన్నారు.

నాకు తెలుగు చదవడం రాదు. ఈ సంగతి కార్యాలయంలో ఎవరికీ తెలియదు. మాది ఇదే ఊళ్లోని ప్రోతరాపూర్. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ. అక్షరాలు గుర్తుపట్టగలను, పెళ్లి శుభలేఖల్ని కూడబలుక్కుని చదవగలను, అంతే. తెలుగువాడినై ఉండి రాదని చెప్పడానికి సిగ్గుపడ్డాను. మొదటి పేజీలో వేలు పెట్టి వెతకగా నాకు అందిన వాక్యాలు ఇవి:

“మా పిల్లలకు ఆటస్థలము కావలెను. అందుకొరకు పెద్దల నావను కదల్చవలదు.”

‘కావలెను’ నాకు తెలుసు. ‘విచ్చేయవలెను’ అని శుభలేఖల్లో ఉంటుంది. రెండో వాక్యం చివర కూడా ‘వలె’ కుటుంబపు మాటే అనుకున్నాను. ‘వలదు’ అనే మాట నేను పుట్టాక వినలేదు. మా ఇంట్లో ‘ఒద్దు’ అంటారు. అధికారి ఎదురుగా కూర్చుని ఉన్నారు. రెండో పేజీ తిప్పాను గానీ చదవలేదు. పిల్లలకు ఆటస్థలం కావాలి, అందుకోసం నావను కదల్చాలి అని అర్జీదారులు కోరుతున్నట్టు ఇంగ్లీషులో రాసి, సరైన అనువాదమని సంతకం పెట్టాను.

ఆయన సంతోషించారు. అభ్యంతరం వస్తుందనుకున్న చోటి నుంచి విన్నపమే వచ్చింది. కౌన్సిల్ తీర్మానంలో ‘స్థానిక మత్స్యకారుల కోరిక మేరకు’ అన్న మాట చేరింది. చర్చ లేకుండా ఆమోదించారు.

నావను ఎత్తుకెళ్లిన రోజున రేవు మగవాళ్లు చాలామంది వేటలో ఉన్నారు. అప్పన్న షాదీపూర్‌లో కూతురి ఇంట జ్వరంతో పడి ఉన్నాడట. అడ్డుపడిన ఆడవాళ్లకు కాంట్రాక్టరు మనిషి తీర్మానం చూపించి, “మీ అప్పన్నే రాశాడు, పొండి” అన్నాడు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ప్రదర్శనశాల తెరిచిన రోజున నేను అక్కడే ఉన్నాను. నావ నీలంగా మెరుస్తోంది. పక్కన హిందీలో, ఇంగ్లీషులో ఒక పలక: సంప్రదాయ చేపల నావ. జనం పలచబడ్డాక సింహాలమ్మ పసుపు పొట్లం పట్టుకుని వచ్చింది. వెనక అప్పన్న. కాపలావాడు “మత్ ఛూనా, దీదీ” అని ముట్టుకోవద్దంటున్నా వినకుండా ఆమె నావలోకి వంగి చూసింది.

“ఏడీ? మావోడేడీ?” అంది.

నాకు అర్థం కాలేదు. అప్పన్న లోపలి చెక్కల మీద అరచేయి పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మెల్లగా తడిమాడు. అరచేతికి ఏమీ తగల్లేదు. అప్పుడు చెప్పాడు. సముద్రం మీదికి పోయి తిరిగిరాని వాళ్ల పేర్లను ఆ చెక్కల మీద అతనే మేకుతో చెక్కేవాడు. శవం దొరకలేదు కాబట్టి దహనం లేదు, సమాధి లేదు. ఆ ఇళ్లవాళ్లకు ఉన్నదల్లా ఆ గంట్లే. సింహాలమ్మ భర్త పేరు అందులో ఉండేది. అప్పన్న పెద్దకొడుకు పేరూ ఉండేది. లప్పం పూడ్చిన గంట్లు అవి. నేను రాసిన వాక్యాన్ని పనివాళ్లు పొల్లుపోకుండా అమలు చేశారు.

సింహాలమ్మ నా వైపు చూడనైనా లేదు. అప్పన్న వైపు తిరిగింది. “బంతాటకి అమ్మీసినావు గదా మావా. నా పెనిమిటిని నువ్వే రాసినావు, నువ్వే గీకించినావు” అని పసుపు పొట్లం అతని కాళ్ల దగ్గర పడేసి వెళ్లిపోయింది.

రెండు రోజుల తర్వాత అప్పన్న మా కార్యాలయానికి వచ్చాడు. నా బల్లకు ఎదురుగా కూర్చోమన్నా కూర్చోలేదు.

“నా కాగితం సదివినావా బావూ?”

చదివానన్నాను.

“ఏటి రాసినాను?”

నావను కదల్చాలని రాశావన్నాను. ఫైలు తెమ్మన్నాడు. తెచ్చాను. ఆ వాక్యం మీద గోరు పెట్టి నన్ను చదవమన్నాడు. ఒక్కో అక్షరమే పలుకుతూ ‘వ, ల, దు’ దాకా వచ్చి ఆగాను.

“వలదు. ఒద్దు అని. మీ నాయనకి మీ తాత రాసిన ప్రెతి ఉత్తరంలోనూ ఉండీది ఈ మాట. ఎండన తిరగవలదు, సముద్రమును నమ్మవలదు అని. నానే గదా సదివి పెట్టినాను.” గోరు ఇంకా ఆ మాట మీదే ఉంచాడు. “‘వల’ కాడ ఆగిపోనావేటి? సేపలోళ్ల పుట్టుక కదా, వల అగుపిస్తే సాలు, మిగతాది అక్కర్లేదు.”

నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

తర్వాత అతను అడిగింది చాలా చిన్నది. “నావ మరి రాదు. నాకు తెలుసు. రేవులో నాను అమ్మీసినానంతన్నారు. నా ఇంటి గుమ్మం ఎవులూ తొక్కట్లేదు. ఆయితారం వచ్చి నలుగురిలో ఒక్క మాట సెప్పు. అప్పన్న ఒద్దన్నాడు, నాకే సదవడం రాలేదు అని. సాలు.”

వస్తానన్నాను.

వెళ్లలేదు. అప్పటికి నా ప్రొబేషన్ ఇంకా పూర్తికాలేదు. రాని భాషను వచ్చినట్టు ధ్రువీకరించడం తప్పుడు ధ్రువీకరణ కిందికి వస్తుంది. మెమో ఇస్తారు, ఉద్యోగం కూడా పోవచ్చు. పోనీ రేవుకు వెళ్లకపోయినా, పచ్చకాగితం మీద సవరణ నోటు ఒకటి రాసి ఉండవచ్చు. అదీ చేయలేదు. రేవువాళ్లు పేర్ల గురించి ఫిర్యాదు చేస్తే, మీ అర్జీ ప్రకారమే పని జరిగిందని జవాబు వెళ్లింది. ఆ జవాబు ముసాయిదా నేనే రాశాను. అందులో అప్పన్న అర్జీని ప్రస్తావించాను.

కోర్టు బాగానే వచ్చింది. సాయంత్రాలు కుర్రాళ్లతో నిండిపోయేది. రేవు జట్టు పోటీల్లో గెలిచింది కూడా. కోర్టు కట్టడం తప్పని నేను అనను. అప్పన్న కూడా అనలేదు.

అతను రేవుకు రావడం మానేశాడు. షాదీపూర్‌లోనే ఉండిపోయి కొన్నేళ్లకు పోయాడు. రేవు నుంచి ఒక్కరూ వెళ్లలేదని విన్నాను. నేనూ వెళ్లలేదు.

నలభై దాటాక వాచకాలు తెప్పించుకుని ఒకటో తరగతి నుంచి తెలుగు నేర్చుకున్నాను. ప్రాయశ్చిత్తమని అననుగాని, ఆ రెండో పేజీ ఒకటి మిగిలిపోయింది. మా కార్యాలయాల్లో పాత ఫైళ్లను గడువు తీరాక ఏరి నాశనం చేస్తారు. నేను పదవి వదిలే ముందు ఆ ఏరివేత జాబితాలో ఈ ఫైలు వచ్చింది. అర్జీని మొదటిసారి పూర్తిగా అప్పుడే చదివాను. అంతా ఉన్నదున్నట్టు ఎత్తిరాసుకున్నాను. చివరి భాగం ఇది:

“ఐసు గొడౌను అవతల చదును నేల ఉన్నది. ఆటస్థలము అచట వేయవలెను. నావలో మా వారి పేర్లున్నవి, వానిని చెరపవలదు. ఆ పేర్లు ఈ కాగితమున వ్రాయుట లేదు. చదువ వచ్చిన అధికారి ఎవరైనను వచ్చి, నావలోనే చదువుకొనవలెను.”

ఐసు గొడౌను అవతలి నేలను కోర్టు కోసం నేను ఎన్నడూ కొలవలేదు. ఇప్పుడు అక్కడ స్కూటర్లు నిలుపుతున్నారు.

ఆ కాగితం పట్టుకుని రేవుకు వెళ్లాను. సింహాలమ్మ బాగా ముసలిదైంది. కోర్టు గోడ నీడన కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. నేనెవరో చెప్పి, అర్జీ మొత్తం చదివి వినిపించాను. అప్పన్న వద్దన్నాడనీ, చదవడం రానిది నాకేననీ చెప్పాను. ఆమె చేతిలోని చేపను జల్లలో వేసింది.

“ఇప్పుడొచ్చిందా బావూ సదువు?” అంది. మళ్లీ చేపలు ఏరసాగింది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది కొద్దిగానే ఉంది. అర్జీదారుకు చదివి వినిపించని అనువాదం ఫైలులోకి ఎక్కకూడదు. రాని భాషను రాదని మొదటి రోజే చెప్పాలి, రెండో రోజుకు అది కష్టమవుతుంది, మూడో రోజుకు నేరమవుతుంది. స్థలానికి వెళ్లినప్పుడు బూట్లు విప్పి లోపలికి ఎక్కాలి. తలుపులకు రాసే వాక్యాన్ని నావకు రాయకూడదు.

తీర్మానంలో నేటికీ ‘స్థానిక మత్స్యకారుల కోరిక మేరకు’ అనే ఉంది. దాన్ని మార్చే అధికారం నాకు లేదు. కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. జంగ్లీఘాట్ రేవు అప్పన్న నావను కదల్చవలదనే రాశాడు. చదవలేనివాణ్ని నేను.