టేపులో వినపడని కీబోర్డు

ఆ రోజుల్లో పని గట్టిగా వినపడితేనే పని చేసినట్టని నా నమ్మకం. ఖమ్మంల టైపు ఇన్‌స్టిట్యూట్‌ల పాత మిషన్ల మీద లోయరు, హయ్యరు రెండూ పాసైన చేతులు నావి. "అక్షరం కాగితం అవతల్కి దిగాలె" అని మా మాస్టరు చెప్పిండు, నేను దింపిన. అవే చేతులతోని ఇరవై రెండేళ్లకు భద్రాచలంల ఒక చిన్న సంస్థల టైపిస్టుగ చేరిన. అడవి ఊర్ల పెద్దోళ్లు పాత పంటల గురించి చెప్పే ముచ్చట్లు రికార్డు చేసుడు, వాళ్లు చెప్తుండంగనే కంప్యూటర్ల ఎక్కిచ్చుడు, అదీ అక్కడి పని. అందరికీ కలిపి ఒకటే కిరాయి గది. ఒక మూల టేపురికార్డరుతోని టేపక్క (ఎవరికీ సొంత అక్క కాదు, రికార్డింగు చూసేది గనక ఆ పేరు), ఇంకో మూల పాత లాప్‌టాపుతోని నేను. దాని మీటలు సగం చచ్చిపోతే పెద్ద కీబోర్డొకటి తగిలిచ్చిండ్రు. నేను దాన్ని కొడుతుంటే రేకుల మీద వడగండ్లు పడ్డట్టుండేది.

మొదటి వారం టేపులు విని, సంస్థ నడిపే మా సారు తల పట్టుకున్నడు. "జొన్నల గురించి పెద్దాయన ఏం చెప్పిండో నీ వడగండ్లకే తెలుసు. ఈ గదిల టేపన్న ఉండాలె, నీ కీబోర్డన్న ఉండాలె. సోమవారం దాకా చూస్త. కాకుంటే ఖమ్మం ఆఫీసుల కూసొని టేపులు విని కొట్టుకో" అన్నడు. ఖమ్మం మా ఊరే, కానీ ఇంటికి తిరిగిపోతే మా అమ్మ "పోవద్దని నేను ముందే చెప్పలేదా?" అంటది. ఆ మాట వినుడు కన్న అడవిల తప్పిపోవుడు నయం. పైగా ముచ్చట చెప్పే మనిషి ముఖం చూడకుండ ఒట్టి టేపు విని కొట్టుడు నాకు ఇష్టం లేదు. కీబోర్డు కింద తువ్వాల పరిచిన, చప్పుడు తగ్గలే. మెల్లగ కొట్టి చూసిన. కొర్రలు కొట్టబోతే కోరలు పడ్డయి. "మా చిన్నప్పుడు ఊరంతా కోరలతోనే బతికినం" అని చదివి సారు నా దిక్కు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలే. దీనికి తోడు, సాయంత్రం అన్నం కలుపుకుంటే మణికట్టు కలుక్కుమనేది.

శనివారం టేపక్కను బతిమాలి రికార్డరు సంచిలేసుకొని ఖమ్మం బస్సెక్కిన. బస్టాండు దగ్గర కంప్యూటర్ల దుకాణంల, కళ్లద్దాలు నుదుటి మీదికి ఎక్కించుకొని ఒక పెద్దమనిషి కూసున్నడు. ఉన్న కీబోర్డులన్నీ దింపిచ్చి, ఒక్కొక్కటి దుకాణం కంప్యూటరుకు తగిలిచ్చిన. రికార్డరు ఆన్ చేసి, "ఒకటోది" అని టేపుకు చెప్పి, "సామలు, కొర్రలు, ఊదలు" అని కొట్టిన. "రెండోది" అని మళ్లీ అదే మాట.

"కీబోర్డు కొంటానికొచ్చినవా, పాటల క్యాసెట్ తీస్తానికొచ్చినవా అమ్మా?" అన్నడాయన.

"చప్పుడు లేనిది కావాలె అంకుల్."

రబ్బరుది ఒకటి చూపిచ్చిండు, చాపలెక్క చుట్టి సంచిలేసుకోవచ్చు. చప్పుడు చెయ్యలే, అక్షరం కూడా వెయ్యలే. నడుమ గూని ఉన్న పెద్దది ఇంకొకటి. చేతులకు దిండేసినట్టు హాయిగనే ఉంది గానీ, చాటంత దాన్ని జీపుల పట్టుకొని ఊర్లకు పోతే నాకు జాగ ఉండదు. ఆఖర్కి అడుగు అరల దుమ్ముల ఒకటి కనపడ్డది. సన్నగ, పొట్టిగ, నడుమ కొంచెం వంపుతోని.

"అది వద్దమ్మా. వంకరున్నదని అందరు వాపసిస్తరు."

"నా చేతులు గూడ వంకరనే కూసుంటయి, ఇయ్యండి" అన్న. కొట్టిన. మెత్తగ దిగినయి మీటలు, మణికట్టు ఉలకలే. టేపు వెనక్కి తిప్పి వింటే ఫ్యాను తిరుగుడు, ఆయన తుమ్ము, గంతే. దుకాణం నడుమ నేను ఎగరలేదు గానీ, ఎగిరినంత పని చేసిన.

సోమవారం దుమ్ముగూడెం దిక్కు నుంచి ఒక అవ్వ వచ్చింది. టేపు పక్కకే, చెయ్యి చాపితే అందేంత దగ్గర కూసున్న. సారు వాకిట్ల నిలబడ్డడు. గంటసేపు సామల గురించి చెప్పిన అవ్వ, ఉన్నట్టుండి ఆగి నా దిక్కు చూసింది.

"ఈ పిల్ల ఏం రాస్తలేదు. మీటల మీద చేతులేసి ఊకె కూసుంది. గిట్ల కూసుంటానికి జీతమిస్తరా?"

నేను తెర మీదిది మొదటి నుంచి చదివిన, సామలు ఎట్ల చల్లాలె, ఎట్ల దంచాలె, ఆఖరికి "గిట్ల కూసుంటానికి జీతమిస్తరా" దాకా. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అవ్, దొంగ లెక్క రాసింది" అన్నది. నాకు నవ్వాగలే.

సారు టేపు మొత్తం విన్నడు. "అవ్వ ఉంది, బయట కాకి ఉంది. ఆఖర్ల చదువుడు, నవ్వుడు తప్పిస్తే నువ్వు లేవు" అన్నడు. నేను లేనన్నందుకు అంత సంతోషపడ్డది అదొక్కసారే. "ఈడ్నే ఉండు" అన్నడు. తర్వాత ఖమ్మం ఆఫీసు టైపిస్టులు నన్నడిగే కీబోర్డులు కొనుక్కున్నరు. నేను దవాఖానా డాక్టరమ్మ లెక్క వాళ్ల మణికట్లు పట్టి చూసి చెప్పేదాన్ని (ఫీజు కింద మిర్చిబజ్జీలు).

మొన్న ఆ పాత టేపులను కంప్యూటర్ల ఎక్కిస్తున్నరని పిలిస్తే పోయి విన్న. అవ్వ గొంతు, కాకి, ఆఖర్ల ఒక ఆడపిల్ల పకపక నవ్వు. "ఇదెవరు మేడమ్, తీసేద్దామా?" అని అడిగిండ్రు. "టైపిస్టు. ఉండనియ్యండి" అన్న. ఇప్పుడు నేను గట్ల నవ్వుతలేను. పక్కోళ్లకు ఇబ్బందని నవ్వు గూడ మెల్లగనే వస్తది. అందుకే ఆ ముక్క ఇంకో రెండుసార్లు వేయించుకొని విన్న.