ఎర్ర చీటీ కుర్చీ

మా వదిన ఎక్కడికి వెళ్లినా కుర్చీని ఊపి చూడనిదే కూర్చోదు. ఓసారి పళ్ల డాక్టరు కుర్చీని కూడా ఊపింది. పక్కనే ఉన్న నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె కుర్చీల కార్ఖానాలో తనిఖీ చేస్తుంది. అక్కడివాళ్లు ‘ఊపుడక్క’ అంటారు.

ఆ మధ్య ఒక పెద్ద బడి కుర్చీలు కావాలంది. అయితే కార్ఖానాలో నాణ్యతకు ఓ పద్ధతి ఉందని ముందు ఆడిటరు చూసి పత్రమివ్వాలంది. ఆ పత్రం తెప్పించే బాధ్యత వదిన నెత్తిన పడింది. పత్రం రాకపోతే తన తనిఖీ గది మళ్లీ సామాన్ల కొట్టయిపోతుందని ఆమె బెంగ.

“చివర్లో నేను లోపం పట్టుకోవడం కాదు. కాలు కోసేవాడే కొలిచి, తేడా వస్తే అక్కడే ఆపాలి. నేను సెలవు పెట్టినా కుర్చీ ఊగకూడదు” అని ఇంట్లో మాకూ పాఠం చెప్పేది.

“అంటే ఉప్పు వేసేటప్పుడే రుచి చూడాలన్నమాట” అన్నాడు అన్నయ్య.

“చూడండి మరి, ఈవేళ వంట మీదేగా!”

ఆడిటరు వచ్చాడు. కార్ఖానాలో ఎవరిని అడిగినా తడుముకోకుండా జవాబు చెప్పారు. అంతా బాగుందని ఆయన యజమాని గదికొచ్చి కుర్చీలో చేరగిలబడ్డాడు. కుర్చీ కిర్రుమని పక్కకి ఒరిగింది. వదిన గుర్తుపట్టింది. అది తాను ఎర్ర చీటీ అంటించి తీసేసిన కుర్చీ! యజమాని కళ్లతోనే ‘మాట్లాడకమ్మా’ అని బతిమాలాడు.

“లేవండి సార్! అది పనికిరాని కుర్చీ” అనేసింది వదిన.

ఆయన లేచాడు. చీటీ కూడా ఆయన ప్యాంటుతోపాటు లేచింది.

“సార్... మా చీటీ... మీ వెనకాల...”

“నన్నూ తీసేశారా మేడమ్?” అని ఆయన పగలబడి నవ్వాడు. తర్వాత అడిగాడు: “ఇది ఇక్కడికెలా వచ్చింది?”

“నేనే తెచ్చుకున్నానండీ, పారేయడం దేనికని” అన్నాడు యజమాని నేల చూపులు చూస్తూ.

“తప్పు ఆయనది కాదు సార్, తీసేసినవాటిని తాళం లేని చోట పెట్టాం. ఇవాళే తాళం వేయిస్తా. తాళంచెవి నా దగ్గరే, అయ్యగారు అడిగినా ఇవ్వను.”

“తప్పు దాచలేదు, కారణం వెతికారు. పద్ధతంటే అదే” అన్నాడు ఆడిటరు. తాళం పడ్డాక మళ్లీ వచ్చి చూసి, పత్రం ఇచ్చాడు.

బడివాళ్లు ఆర్డరు తెచ్చినరోజు యజమాని నిలబడే సంతకం పెట్టాడు. వెనక కొత్త కుర్చీ ఉంది, కూర్చోమన్నారు వాళ్లు.

“ఆగండయ్యా, మా ఊపుడక్క ఇంకా చూడలేదు.”