లకుముకి పిట్ట పొట్ట రంగు

మా అత్తయ్యకి సవతి లేదు గానీ, మామయ్య కెమెరాలో వాడే ఫిల్మ్ ఉంది.

అత్తయ్య ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేది. వారమంతా నలుపు తెలుపుల్లో ఎముకలు చూసి, సెలవు రోజున చెరువు గట్టున పిట్టల్ని ఫొటో తీసేది. మామయ్యకీ అదే పిచ్చి. ఆకుపచ్చ గుడ్డతో కట్టుకున్న ఒకే చాటులో ఇద్దరూ ఒదిగి కూర్చునేవారు. ఆయన ఫిల్మ్ రంగుల్ని రెట్టించి చూపేది. ఆమెది ఉన్న రంగు ఉన్నట్టు చూపేది. పక్షుల సంఘం వాళ్లు తెర మీద స్లైడ్లు వేసినప్పుడు ఆయన పిట్టకి "అబ్బో!" అనేవారు. ఆమె పిట్ట వచ్చేసరికి ఎవరో ఒకరు దగ్గేవారు.

ఇంట్లో ఎక్స్‌రేలు చూసే పాత వెలుగు పెట్టె ఒకటుండేది. దాని మీద ఇద్దరి స్లైడ్లూ పక్కపక్కన పెట్టి, వాళ్లింట్లో ఉండి చదువుకునే నన్ను పిలిచేది.

"నువ్వు చెప్పవే, లకుముకి పొట్ట ఇంత ఎర్రగా ఉంటుందా? పిట్టకి జ్వరమొచ్చినట్టు లేదూ?"

"కుళ్లుకో, బాగా కుళ్లుకో," అనేవాడు మామయ్య పక్క గదిలోంచి.

"కుళ్లేమిటండీ నాకు? పిట్ట మీద జాలి."

ఆ ఏడు సంఘం వాళ్లు క్యాలెండరు అట్టకి ఒక ఫొటో ఎంచుకుంటామన్నారు. అది తనదే కావాలని అత్తయ్య పైకి అనలేదు. అన్నం వడ్డిస్తూ గరిటె గిన్నెలో వదిలేసి ఆలోచించడం చూసి నాకర్థమైంది.

ఒక ఆదివారం మామయ్యకి నడుం పట్టేసింది. అత్తయ్య ఒంటరిగా బయల్దేరుతూ, ఫ్రిజ్‌లో పాల సీసా వెనక వేడికి చెడకుండా దాచిన ఆయన ఫిల్మ్ ఒకటి తీసి సంచిలో వేసుకుంది. తనదీ వేసుకుంది. ఆ రోజు లకుముకి ఒకటి చేపను కొమ్మకేసి బాదుతూ ఎదురుగా కూర్చుంది. ఆమె మధ్యలో రీలు మార్చి రెండు ఫిల్ముల మీదా దాన్ని తీసింది. సంఘానికి మాత్రం ఆయన ఫిల్మ్‌తో తీసిందే ఇచ్చింది.

తెర మీద అది పడగానే హాలంతా చప్పట్లు.

"బావగారూ, చంపేశారండీ!" అన్నారు అధ్యక్షులు.

మామయ్య తల అడ్డంగా ఊపాడు. "నాది కాదండీ. ఆ రోజు నేను మంచం దిగలేదు. మా ఆవిడది."

"అలాగా! మొత్తానికి మీ దగ్గర బాగానే నేర్చుకుంది. చెల్లెమ్మా, అట్ట మీదికి ఇదే!"

తిరిగొస్తూ మామయ్య అడిగాడు: "నా ఫిల్మ్ తీశావా?"

"తీశాను."

"అడిగితే ఇవ్వనా?"

"అడగాల్సి రావడమే కదండీ నా బాధ."

ఇంటికొచ్చాక, ఆయన ఫిల్మ్ మీద అదే పిట్టని తీసిన ఇంకో స్లైడునీ, తన ఫిల్మ్ దాన్నీ వెలుగు పెట్టె మీద పెట్టింది. "చూడవే, చప్పట్లు కొట్టించుకున్న ఈ పిట్టని చూస్తే నాకే ఏడుపుగా ఉంది. నేను తీసిందేగా?" అంది.

మర్నాడు అధ్యక్షుల దగ్గరకెళ్లి, వేస్తే తన సొంత ఫిల్మ్‌ది వేయమంది. "మరీ వెలిసిపోయినట్టుందమ్మా," అన్నారాయన. ఎర్రదాన్ని వెనక్కి అడిగి తెచ్చేసుకుంది. అట్ట మీదికి మామయ్య తీసిన చిలక ఎక్కింది.

క్యాలెండరు వచ్చిన రోజు మామయ్య ముందు గదిలో మేకు కొట్టబోయాడు.

"అక్కడొద్దండీ, నేను కూర్చునే చోటికి కనిపిస్తుంది."

ఆయన మేకు పట్టుకెళ్లి పక్క గదిలో తగిలించాడు. ఆ ఏడాదంతా తేదీ కావాల్సి వస్తే అత్తయ్య నన్నే చూసి రమ్మనేది.